మూసిన గీత, తెరిచిన గీత

మా డ్రాయింగ్ టీచర్ పోయిన నెల చనిపోయారు. ఆదివారం ఉదయం చర్చికి తయారై, గంట కొట్టడానికి ఇంకా సమయం ఉందని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారట. చెల్లెలు వచ్చి పిలిస్తే పలకలేదట. నాకు ఫోను చేసింది ఆ చెల్లెలే. "అక్క పోయిందమ్మా. మీ పాళెంలో చెప్పు," అన్నారు.

ఆమె గురించి తర్వాత ఎప్పుడైనా, మనసు కాస్త కుదుటపడ్డాక రాద్దామనుకున్నాను. ఇప్పుడే రాయడానికి కారణం ఒక గోడ. మా పాళెంలో తుఫాను షెల్టరుకు మరమ్మతులు జరుగుతున్నాయి. వచ్చే నెల మొదట్లో సముద్రం వైపు గోడకు కొత్తగా సిమెంటు పూసి రంగు వేస్తారు. టీచర్ మా చేత వేయించిన రెండు గీతలు ఆ గోడ మీదే ఉన్నాయి. పూత పడితే అవి పోతాయి. ఉంచాలా వద్దా అన్నది ఊళ్ళో ఇంకా తేలలేదు. తేలేలోపు ఆ గీతల సంగతీ, వాటిని గీయించిన మనిషి సంగతీ మీకు చెప్పాలి.

మా పాళెం వాకాడుకు తూర్పున, సరుగుడు తోటలు దాటి ఇసుకలోకి దిగితే వస్తుంది. ఊరంతా చేపల వేట మీదే బతుకుతాం. మా ఇంట్లో బడి చదువు పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. ఇప్పుడు నెల్లూరులో ఒక కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షలు చేస్తున్నాను. ఈ పనిలోకి రావడానికి కూడా కారణం మా టీచరే. ఆ విషయం ఆమెతో ఎప్పుడన్నా, "నేనేం చేశానే, రెండు గీతలు గీశాను, అంతే," అని కొట్టిపారేసేవారు.

ఆమెది నెల్లూరు టౌను. అక్కడి బళ్ళలో చాలా ఏళ్ళు పనిచేసి, మా హైస్కూలుకు బదిలీ మీద వచ్చారు. నేనప్పుడు ఆరో తరగతి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చాక్‌పీసు పొడి ఎప్పుడూ ఎడమ భుజం మీదే ఉండేది, ఆలోచిస్తున్నప్పుడు అక్కడ చెయ్యి వేసుకునే అలవాటు వల్ల. గొడుగు మడతలో స్కేలు దాచుకుని తెచ్చేవారు. దాన్ని మాత్రం ముందు బయటికి తీసేవారు కాదు. "ముందు కన్ను, తర్వాత స్కేలు," అనేవారు.

మొదటి క్లాసులోనే బోర్డు మీద రెండు నిలువు గీతలు గీశారు. ఒకదానికి పైనా కిందా కొసలు బాణం ములుకుల్లా గీత వైపే వంచారు. రెండోదానికి కొసలు బయటికి విప్పారు, పైన కొమ్మలు చీలినట్టు, కింద కాళ్ళు ఎడం చేసి నిలబడినట్టు. మొదటిదానికి మూసిన గీత అనీ, రెండోదానికి తెరిచిన గీత అనీ పేర్లు పెట్టారు.

"ఏది పొడుగు?" అని అడిగారు.

వాకాడు నుంచి వచ్చే పిల్లలు ఒక్కసారిగా "తెరిచింది!" అని అరిచారు. వెనక బెంచీల్లో ఉన్న మా పాళెం పిల్లలం "రెండూ ఒకటే టీచర్" అన్నాం. ముందు బెంచీలోంచి కిరాణా కొట్టువాళ్ళ అమ్మాయి వెనక్కి తిరిగి, "కండ్లు యాడ పెట్టుకున్నార్రా? చేపల గంపలోనా?" అంది. క్లాసంతా నవ్వింది.

టీచర్ మాత్రం నవ్వలేదు. ఎన్నో ఏళ్ళుగా ప్రతి కొత్త క్లాసులోనూ ఆ గీతలు గీసేవారట. అందరూ తెరిచిందే పొడుగనడం, ఆమె స్కేలు పెట్టి రెండూ సమానమని చూపించడం, పిల్లలు నోళ్ళు తెరవడం, ఇదీ ఎప్పుడూ జరిగేది. ఈసారి ఒక మూల నుంచి ముందే జవాబు వచ్చేసింది.

"ఎవరు చెప్పార్రా మీకు? పై క్లాసు వాళ్ళా?"

"ఎవురూ చెప్పలా టీచర్. కనపడతానే ఉండాది గదా," అన్నాడు మావాడొకడు.

ఆమె నమ్మలేదు. మమ్మల్నందరినీ బయట వేపచెట్టు కింద నిలబెట్టి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచి అడిగారు. నా వంతు వచ్చింది. వాకాడు పిల్లలు చెప్పిందే సరైన జవాబు అయ్యుంటుందనిపించింది. "తెరిచింది టీచర్," అన్నాను.

ఆమె నా ముందు వంగి, నా ముఖంలోకి చూశారు. "నీ కళ్ళు ఆ మాట అనడం లేదే. నాకు కరెక్టు వద్దమ్మాయ్. నీకు కనిపించింది చెప్పు."

"ఒకటే టీచర్."

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయి అప్పుడు నవ్వారు. తర్వాత అందరినీ లోపలికి పిలిచి, మేము కాపీ కొట్టామని అనుమానించినందుకు మాకు సారీ చెప్పారు. ఒక టీచర్ పిల్లలకు సారీ చెప్పడం మేమెవ్వరం చూసి ఎరగం. మావాడొకడు ఇంటికి పోయి చెబితే, "నువ్వేం తప్పు చేస్తే ఆయమ్మ సారీ చెప్పిందిరా?" అని వాళ్ళమ్మ వాణ్ణే గదమాయించిందట.

ఆ రోజు బడి విడిచాక ఆమె నన్ను ఆపి, "మీ ఇల్లు ఎట్టా ఉంటుంది?" అని అడిగారు. "గుండ్రంగా," అన్నాను. అప్పట్లో మా పాళెంలో చాలావరకు గుండ్రటి పూరిగుడిసెలే. తర్వాతి ఆదివారం చర్చి అయిపోగానే గొడుగు వేసుకుని ఇసుకలో నడుచుకుంటూ మా అవ్వ గుడిసెకు వచ్చారు. వాకిట్లో వంగి లోపలికి దూరి, బోర్లించిన గంప మీద కూర్చుని, చుట్టూ చూశారు. తర్వాత లేచి, గోడ మీద చెయ్యి ఆనించి, మళ్ళీ వాకిలి వచ్చేదాకా ఒక చుట్టు తిరిగారు.

"ఏం పారేసుకున్నావు టీచరమ్మా?" అంది అవ్వ.

"మూల వెతుకుతున్నానవ్వా. ఈ ఇంట్లో మూలే లేదే?"

"మూలెందుకమ్మా? మూలుంటే గాలి పట్టుకుంటాది. గుండ్రంగా ఉంటే జారి పోతాది."

"మరి అలిగితే యాడ కూర్చుంటారు?"

"అలిగితే బయటికి పోతాం. ఆడ సముద్రం ఉండాది గదా, అది మనకంటే ఎక్కువ అలిగి ఉంటాది," అంది అవ్వ. టీచర్ పడీపడీ నవ్వారు. ఆ మాట ఆమె చివరిదాకా చెప్పుకునేవారు.

మర్నాడు క్లాసులో మమ్మల్ని గది మూల దగ్గర నిలబెట్టారు. గోడలు రెండూ కలిసేచోట నిలువు గీత ఉంటుంది. దాని పై కొస నుంచి కప్పు అంచులు రెండు పక్కలకు విచ్చుకుంటాయి. కింది కొస నుంచి నేల అంచులు విచ్చుకుంటాయి. అది అచ్చం తెరిచిన గీత. గదిలో ఉన్నవాళ్ళకు ఆ మూల ఎప్పుడూ దూరంగానే ఉంటుంది. తర్వాత బయటికి తీసుకుపోయి, మన వైపు పొడుచుకు వచ్చిన బడి గోడ అంచును చూపించారు. అది మూసిన గీత, దగ్గరగా ఉండే గీత. ఇలాంటి గదుల్లో పుట్టి పాకిన పిల్లల కన్ను, ఏది దూరం, ఏది దగ్గర అని మూలల్ని బట్టే లెక్క వేసుకోవడం నేర్చుకుంటుందట. దూరంగా ఉన్నది అంత కనిపిస్తోందంటే అసలు ఇంకా పెద్దదై ఉంటుందని మనం అడగకుండానే పెంచి చూపిస్తుందట. కాగితం మీద గది లేకపోయినా ఆ అలవాటు పోదట.

"బడికి కూడా మూలలున్నాయి గదా టీచర్, మేమూ రోజూ చూస్తానే ఉండాం," అన్నాను.

"మంచి ప్రశ్న," అని ఎడమ భుజం మీద చెయ్యి వేసుకున్నారు. "మీరు పుట్టి పాకింది బళ్ళో కాదు కదా. అందుకని ఏమో. ఇది కొందరి ఊహ అమ్మాయ్. ప్రపంచంలో చాలాచోట్ల అడిగి చూశారు, ఊరికో రకంగా చెప్పారు. ఎందుకో మాత్రం అందరూ ఒప్పుకునే జవాబు లేదు. నేనూ ఊహలాగే చెబుతున్నాను, మీరూ ఊహలాగే పెట్టుకోండి."

తెలియనిది తెలియదని చెప్పే టీచర్‌ని నేను చూడటం అదే మొదలు. ఇంటికి పోయి అమ్మకు ఆ విషయమే చెప్పాను, గీతల సంగతి తర్వాత.

మేము ఎనిమిదో తరగతిలో ఉండగా ఆమె ఆ గీతల్ని మా ఊరికి తెచ్చారు. బడి పిల్లలకే ఎందుకు, ఊళ్ళో పెద్దవాళ్ళనూ అడగాలన్నారు. షెల్టరు గోడ మీద, బోటుకు వేయగా మిగిలిన నీలం రంగుతో మేమే వేశాం. మనిషి ఎత్తు ఉంటాయి. గోడ మీద స్కేలు చాలదు కాబట్టి మా నాయన వల దారం ఒకటి కోసి, గీత పొడవుకు సరిగ్గా రెండు కొసలా ముడి వేసి, పక్కనే మేకు కొట్టి వేలాడదీశాడు. అనుమానం ఉన్నవాళ్ళు ఎవరైనా దారం తీసి కొలుచుకోవచ్చు. ఉప్పు గాలికి దారం పీలికలవుతుంది. నాయన ఏటా కొత్తది వేస్తాడు. రంగు వెలిసినప్పుడు పిల్లలు మళ్ళీ పూస్తారు, ఆ ఏడు ఏ బోటు రంగు మిగిలితే ఆ రంగు. ఒక సంవత్సరం నారింజ, ఒక సంవత్సరం పచ్చ.

మా పెద్దవాళ్ళలో చాలామంది "రెండూ ఒకటే" అన్నారు. ఊరికి గర్వం వచ్చింది. టౌనువాళ్ళను మోసం చేసిన గీత మనల్ని చెయ్యలేదన్నది మాట. ఆ గర్వం పంద్రాగస్టు దాకా నిలిచింది.

జెండా కోసం ఆ సంవత్సరం మగవాళ్ళు ఒక సరుగుడు కర్ర తెచ్చి ఇసుకలో పడుకోబెట్టారు. మా ఊరి పెద్ద, నాకు వరసకు పెదనాయన, దాన్ని చూసి పెదవి విరిచాడు. "ఇదేందబ్బా ఇంత పొట్టిది? పెద్దది తెండి." పెద్దది తెచ్చి నిలబెట్టారు. "అబ్బో! ఆకాశాన్ని గుచ్చుతాండాది. తగ్గించండి," అన్నాడు.

అతిథిగా వచ్చిన టీచర్, "కొలిచి కొయ్యండి పెద్దాయనా," అన్నారు.

"కొలిచేదేంది టీచరమ్మా? టౌను కండ్లా మావి?"

కోశారు. నిలబెడితే ఇంకా పొడుగనిపించింది. మళ్ళీ కోశారు. మూడోసారి కోసి నిలబెట్టి జెండా ఎగరేస్తే, గాలి తగ్గినప్పుడల్లా జెండా అంచు వచ్చి పెదనాయన తలపాగా మీద వాలింది. ఆయన వందనం చేస్తూ, కళ్ళు మాత్రం పైకెత్తి, "ఇదేందబ్బా, కర్ర కుంగతాండాదా?" అన్నాడు. జనగణమన పాడుతూ నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

తర్వాత టీచర్ అదే ఇసుకలో ఒకే పొడవున్న రెండు కర్రలు తీసుకుని ఒకటి గుచ్చి, ఒకటి పడుకోబెట్టి, "ఏది పొడుగు?" అని అడిగారు. ఊరు ఊరంతా నిలువుదే పొడుగంది. జెండా చూడటానికి వాకాడు నుంచి వచ్చిన కిరాణా కొట్టువాళ్ళ అమ్మాయి కూడా నిలువుదే కాస్త పొడుగంది కానీ, మా అంత గట్టిగా అనలేదు. దీనికి కూడా టీచర్ దగ్గర ఒక ఊహ ఉంది. ఒడ్డున నిలబడి చూస్తే మన కాళ్ళ దగ్గర్నుంచి ఆకాశం అంచు దాకా ఉన్న దూరమంతా కంటికి కొద్దిపాటి నిలువులోనే ఇమిడిపోతుంది. అంత బయలు ముందు పెరిగిన కన్ను, నిలువుగా కనిపించే కొంచెమే ఎంతో దూరమని పెంచి లెక్క వేయడం నేర్చుకుని ఉంటుందని. "మూలలు నన్ను మోసం చేశాయి, సముద్రం మిమ్మల్ని మోసం చేసింది. లెక్క సరిపోయింది," అన్నారు. పెదనాయన చాలాసేపు ఆ కర్రల చుట్టూ తిరిగి, చివరికి పడుకున్న కర్రను కాలితో తన్ని, "దొంగముండ, పడుకోని నక్కతాండాది," అన్నాడు.

ఆ తర్వాత తుఫాను వచ్చింది, గుడిసెలు పోయాయి, కాలనీ ఇళ్ళు వచ్చాయి. అన్నీ చదరం గదులు. అవ్వ కొత్త ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, "ఈ మూలలు ఊరికే సామాను అడగతాండాయి," అని విసుక్కుంది. టీచర్ రిటైరై, వాకాడులోనే చెల్లెలితో కలిసి ఇల్లు తీసుకున్నారు. నెల్లూరుకు వెళ్ళిపోతారనుకున్నాం. "అక్కడ ఏముంది, అన్నీ మూలలే," అన్నారు.

ఈలోగా గోడ మా ఊళ్ళో ఒక ఆచారమైపోయింది. కొత్తగా ఎవరొచ్చినా, చేపలు కొనేవాళ్ళు గానీ, నర్సు గానీ, కొత్త కోడలు గానీ, గోడ దగ్గరికి తీసుకుపోయి అడగాల్సిందే. మా అన్న పెళ్ళి చేసుకుని వదినను తెచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. వదినది సూళ్లూరుపేట. స్టేషను దగ్గర మేడ ఇళ్ళ మధ్య పెరిగిన పిల్ల. వచ్చిన రెండో రోజు ఆడవాళ్ళు ఆమెను గోడ ముందు నిలబెట్టారు.

"చెప్పమ్మా కోడలా, ఏది పొడుగు?"

వదిన తల వంచుకునే, "అది," అని తెరిచిన గీతను చూపించింది.

"టౌను కండ్లు!" అని ఒకామె చప్పట్లు చరిచింది. "ఇంక మావాడికి రెండు చేపలేస్తే మూడేసినాననుకుంటాది ఈ పిల్ల!" అంది మా అమ్మ. అందరూ నవ్వుతున్నారు. ఎవరూ చెడ్డగా నవ్వడం లేదు. అయినా వదిన పెదవి వణకడం నాకు కనిపించింది. పెళ్ళికి రాలేకపోయానని చూడటానికి వచ్చిన టీచర్‌కూ కనిపించింది. ఆమె ఇసుకలోంచి రెండు పుల్లలు ఏరి, సమానంగా విరిచి, వదిన చేతిలో పెట్టారు. "ఇప్పుడు నువ్వు అడుగమ్మా వీళ్ళని. ఒకటి గుచ్చు, ఒకటి పడుకోబెట్టు."

వదిన అడిగింది. పంద్రాగస్టు కర్ర సంగతి ఎప్పుడో మరిచిపోయిన ఆడవాళ్ళు, ఒకరి మీద ఒకరు పడి, "నిలువుదే, ఇంకేంది!" అన్నారు. వదిన పుల్లలు రెండూ తీసి పక్కపక్కన పట్టి చూపించింది. మా అమ్మ ముఖం చూడాల్సింది. "ఎప్పుడు మార్చినావే పుల్ల?" అంది. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా ఇంటికి వచ్చాక అదే ఆమె మొదటి నవ్వు.

"ఎవరినైనా గోడ దగ్గరికి తీసుకొస్తే వాళ్ళకీ రెండు పుల్లలు ఇవ్వండి," అన్నారు టీచర్, వెళ్తూ వెళ్తూ. ఆ రోజు నుంచి అదే పద్ధతి. ఊరు గోడ చూపించి అడుగుతుంది, వచ్చినవాళ్ళు పుల్లలు పట్టుకుని అడుగుతారు. ఇద్దరూ పొరబడ్డాక కాఫీలు.

నాకు ఆమె చేసిన మేలు ఇంకోటి ఉంది. నేను చదువుకని నెల్లూరులో హాస్టల్లో చేరి, తర్వాత ఉద్యోగానికి అక్కడే ఉండిపోయాను. కిందటేడు సెలవుకు వచ్చి, ఊరికే గోడ ముందు నిలబడి చూశాను. తెరిచిన గీత పొడుగ్గా కనిపించింది. కళ్ళు నలుపుకుని చూశాను. దారం తీసి కొలిచాను. సమానమే. దారం మేకుకు తగిలించి వెనక్కి వచ్చి చూస్తే మళ్ళీ పొడుగే. ఇది నిజంగా చూపు మారడమో, ఇన్నేళ్ళూ దాని గురించి ఆలోచించి ఆలోచించి నేను కల్పించుకున్నదో ఇప్పటికీ చెప్పలేను. ఆ సాయంత్రం మాత్రం ఊరు నన్ను వదిలేసినట్టు అనిపించింది. అమ్మకు చెప్పలేక, నేరుగా వాకాడు పోయాను.

టీచర్ చిక్కుళ్ళు వలుస్తున్నారు. నేను చెప్పింది విని, "అయితే ఏమైంది?" అన్నారు.

"నా చూపు పాడైపోయింది టీచర్."

"పాడవడం ఏందే! నేను పుట్టినప్పటి నుంచీ అట్నే చూస్తా ఉండాను. నన్ను పాడైపోయిన మనిషంటావా?"

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆమె చిక్కుళ్ళ చేట నా ముందుకు తోసి, నన్నూ వలవమన్నారు. కాసేపయ్యాక, ఏదో చిన్న రహస్యం చెబుతున్నట్టు, "నాకూ ఒకటి జరిగిందమ్మాయ్," అన్నారు. "వచ్చిన కొత్తలో మీ పుల్లలు నన్ను అంతగా మోసం చేసేవి కాదు. ఇప్పుడు నిలువుది మీకు లాగే బాగా పొడుగ్గా కనిపిస్తాంది. ఇన్నేళ్ళూ మీ ఒడ్డున తిరిగినందుకేమో. లేక ముసలితనమేమో. నువ్వు నా గీత తీసుకున్నావు, నేను నీ పుల్ల తీసుకున్నాను. ఇద్దరం ఎక్కడికీ పోలేదు."

ఆసుపత్రిలో బోర్డు ముందు కూర్చునే పెద్దవాళ్ళు చాలామంది భయపడతారు. అక్షరం తప్పు చెబితే కోప్పడతానేమోనని నా ముఖం చూస్తారు. అప్పుడు నేనూ అదే అంటాను. నాకు కరెక్టు వద్దు, మీకు కనిపించింది చెప్పండి. వాళ్ళ భుజాలు కిందికి దిగడం నాకు తెలుస్తుంది.

ఆమె అంత్యక్రియల రోజు మా పాళెంలో ఒక్క బోటు కూడా నీళ్ళలోకి దిగలేదు. ఆటోల్లో వచ్చి, చర్చిలో వెనక నిలబడ్డారు మావాళ్ళు, చెప్పులు చేతుల్లో పట్టుకుని, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక. టీచర్ చెల్లెలు వచ్చి వాళ్ళను ముందుకు తీసుకుపోయారు. సమాధుల తోటలో గుంత దగ్గర పెదనాయన తొంగి చూసి, కలవరపడిపోయాడు. "పొట్టిగా ఉండాదే. టీచరమ్మ పొడుగు మనిషి. పెట్టె పట్టదేమో," అని గుసగుసగా అన్నాడు. చెల్లెలు కన్నీళ్ళలోనే చిన్నగా నవ్వారు. "పడుతుంది పెద్దాయనా. కొలిచే తవ్వారు." పెదనాయన తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "అవును గదా. పడుకోని ఉండాది," అన్నాడు. ఆ మాటకు టీచర్ ఎలా నవ్వేవారో మా అందరికీ వినిపించింది.

గోడ సంగతి ఆయనే నాకు చెప్పాడు. మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకుపోయాడట. "గీతలు పోతాయి గదా పెదనాయనా," అన్నాను.

"పోతే పోనీ పాపా. అవి అడిగే మనిషే పోయింది. ఇప్పటి పిలకాయలు కూడా తెరిచిందే పొడుగంటాండారు. రెండూ ఒకటే అని మేమంటే మమ్మల్ని చూసి నవ్వతాండారు. ఇంక ఎవురికి అది?"

ఆయన అన్నది నిజమే. కాలనీ ఇళ్ళలో పుట్టిన పిల్లలకు చాలావరకు తెరిచిన గీత పొడుగ్గానే కనిపిస్తోంది. గుండ్రటి గుడిసె ఎలా ఉండేదో వాళ్ళు ఎరగరు. అవ్వ కూడా లేదు. "రెండూ ఒకటే" అనే పెద్దవాళ్ళు ఏడాదికేడాదీ తగ్గుతున్నారు. మా ఇళ్ళు ఒకప్పుడు గుండ్రంగా ఉండేవని చెప్పడానికి ఊళ్ళో ఇంకేమీ మిగల్లేదు. మా అమ్మ కళ్ళల్లోనూ, పెదనాయన కళ్ళల్లోనూ మాత్రం ఆ ఇళ్ళు ఇంకా ఉన్నాయి. గోడ ఉంటేనే ఆ సంగతి బయటపడేది.

అదే ఆయనతో అన్నాను. "నువ్వొక్కదానివే అడిగితే, చదువుకున్న పాప ముచ్చటపడతాండాది అంటారు. కావాలనేవాళ్ళు ఇంకా ఉండారని చూపించు. మేస్త్రీతో నేను మాట్లాడతా. గీతల చుట్టూ పూసి, గీతలున్నంత మేర వదిలేయమంటా," అన్నాడు.

కిందటి ఆదివారం మళ్ళీ ఊరికి పోయాను. గోడ ముందు మా అమ్మ నిలబడి ఉంది, అన్న కూతుర్ని చంకనేసుకుని. ఆ పిల్లకు మాటలు ఇప్పుడిప్పుడే తిన్నగా వస్తున్నాయి. వేలు చాచి, "అది పెద్దది," అంటోంది. అమ్మ, "కాదే, రెండూ ఒకటే," అంటోంది. "అదే!" "ఒకటే!" ఇద్దరిలో ఎవరూ తగ్గడం లేదు. ఇద్దరూ ఒకే గోడ చూస్తున్నారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మేకుకు కొత్త దారం ఉంది. ఎవరూ అడగకుండానే నాయన మార్చినట్టున్నాడు.

ఈ పత్రిక మన తీరం ఊళ్ళకు వెళ్తుంది. టీచర్ దగ్గర చదివినవాళ్ళు, మా పాళెం వచ్చి ఆ గోడ ముందు నిలబడ్డవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. కోడళ్ళుగా వచ్చినవాళ్ళు, బదిలీ మీద వచ్చినవాళ్ళు, చేపలకని వచ్చి పుల్లలు పట్టుకుని నవ్వినవాళ్ళు. ఒక కార్డు ముక్క రాయండి, లేదా ఎవరిచేతైనా రాయించండి. ఆ రోజు మీకు ఏ గీత పొడుగ్గా కనిపించిందో, మీరు ఎలాంటి ఇంట్లో పుట్టి పాకారో, ఆ రెండు మాటలు చాలు. ఈ నెల ఇరవై అయిదో తేదీలోగా పత్రిక చిరునామాకు చేరితే, అన్నీ తీసుకుపోయి పెదనాయన చేతిలో పెడతాను. అప్పటిదాకా దారం ఆ మేకుకే ఊగుతూ ఉంటుంది. కరెక్టు రాయొద్దు. మీకు కనిపించింది రాయండి.